తుఫాను డెబ్రీ (కూలిన చెట్లు, శిథిలాలు ఎత్తే) పనులు నేరుగా దొరకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నాలుగో చేతి సబ్‌గా (సబ్‌కాంట్రాక్టరుగా) చేసి నష్టపోయాం

డంపుట్రక్కు_శ్రీను:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం నార్త్ కరోలినాలో ఉంటాం. నేనూ మా తమ్ముడూ కలిసి హాలింగ్, ల్యాండ్‌స్కేపింగ్ చేసే చిన్న కంపెనీ (ఎల్‌ఎల్‌సీ) నడుపుతున్నాం. రెండు డంపు ట్రక్కులు, ఒక గ్రాపుల్ ట్రక్కు (పంజాతో ఎత్తేది), ఒక స్కిడ్ స్టీర్ (చిన్న లోడరు), మనుషులం ఆరుగురం, అంతే. 2024 సెప్టెంబర్ చివర్లో హెలీన్ వచ్చి రాష్ట్రానికి పడమర కొండల వైపు అంతా అతలాకుతలమైనప్పుడు తెలిసిన ఒకతను ఫోన్ చేసి "రేపు పొద్దున్నకల్లా బండ్లు తెస్తే కావలసినంత పని ఉంది, క్యూబిక్ యార్డుకి ఇంత" అన్నాడు. ఇంకేం అడగకుండా బయల్దేరాం. ఐదు వారాలు చేశాం. చేస్తుండగా మెల్లగా తెలిసింది, అతని పైన ఇంకొకతను, ఆయన పైన ఇంకో కంపెనీ, ఆ పైన కౌంటీతో (ఇక్కడి జిల్లా ప్రభుత్వంతో) నేరుగా ఒప్పందం ఉన్న పెద్ద ప్రైమ్ కంపెనీ. అంటే మేం నాలుగో చేతి మీద ఉన్నాం. మా దగ్గరున్న అగ్రిమెంటు ఒక్క పేజీ. డబ్బులో సగం పైచిలుకు నాలుగు నెలలకి వచ్చింది, మిగతాది ఇప్పటికీ రాలేదు. ఎప్పుడు అడిగినా "పైనుంచి మాకే రాలేదు" అంటారు. డీజిలు, మోటల్, కుర్రాళ్ల జీతాలు అన్నీ క్రెడిట్ కార్డుల మీద లాగాం, ఆ వడ్డీ ఇంకా కడుతూనే ఉన్నాం.

అయినా ఈ పని మళ్లీ చెయ్యాలనే ఉంది. రోడ్డు పక్కన కుప్పల్లో తడిసి ఉబ్బిపోయిన పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల సైకిళ్లు చూశాక ఇది మామూలు హాలింగ్ లాంటి పని కాదని అర్థమైంది. ఒకరోజు ఒక పెద్దావిడ బండి ఆపి, తన పెరట్లో తలుపుకి అడ్డంగా పడ్డ చెట్టు తీసి పెట్టమని అడిగింది. రోడ్డు పక్క స్థలంలో ఉన్నదే ఎత్తాలి, పెరట్లోది ముట్టుకోకూడదని మాకు ముందే చెప్పారు. ఆ పూట కాదని చెప్పి వచ్చేశాను గానీ మనసొప్పలేదు. ఆదివారం మేమిద్దరం సొంతంగా వెళ్లి కోసి, ముక్కలు అక్కడే పక్కన పేర్చి వచ్చాం.

ఇప్పుడు నా సందేహాలు. ఫెమా (ఫెడరల్ విపత్తు సహాయ సంస్థ) దగ్గర నేరుగా కాంట్రాక్టు తెచ్చుకోవడం మా సైజు వాళ్లకి కుదురుతుందా? సామ్‌లో (ఫెడరల్ కాంట్రాక్టర్లు పేరు ఎక్కించుకునే సైటు) రిజిస్టర్ చేసి పెడతాం, 1,500 డాలర్లు ఇవ్వండి, గవర్నమెంటు పని గ్యారంటీ అని వారం వారం ఒకరు ఫోన్ చేస్తున్నారు, అది కట్టాలా? నాది గ్రీన్ కార్డు, మా ఆవిడ సిటిజన్, కంపెనీ ఆవిడ పేరు మీదకి మారిస్తే ఆడవాళ్ల కోటాలో తొందరగా వస్తుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? ఆ రావలసిన బాకీ సంగతి ఏం చెయ్యాలో కూడా తెలిస్తే చెప్పండి.

వెంకట్_జీసీ:

శ్రీనూ, ముందు ఆ 1,500 కట్టొద్దు. సామ్ డాట్ గవ్‌లో రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. నువ్వే చేసుకోవచ్చు, చేతకాకపోతే ఎపెక్స్ యాక్సిలరేటర్ అని ప్రతి రాష్ట్రంలోనూ ఉంటుంది, రక్షణ శాఖ కింద నడిచే కార్యక్రమం, ఇదివరకు పీటాక్ అనేవాళ్లు. అక్కడ కూర్చోబెట్టి చేయిస్తారు, బిడ్ కాగితాలు కూడా చూసి పెడతారు. "గ్యారంటీ" అన్నవాడితో ఆ మాట దగ్గరే ఫోన్ పెట్టెయ్.

ఇక ఫెమా సంగతి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, డబ్బు ఫెమాది కాబట్టి పని కూడా ఫెమా ఇస్తుందనుకుంటారు. డెబ్రీ ఎత్తే పని ఫెమా సాధారణంగా ఎవరికీ ఇవ్వదు. ప్రెసిడెంటు విపత్తు ప్రకటించాక, 1988 నాటి స్టాఫర్డ్ యాక్ట్ కింద పబ్లిక్ అసిస్టెన్స్ అని ఒకటి నడుస్తుంది. కౌంటీనో సిటీనో తన కాంట్రాక్టరుతో పని చేయించుకుంటుంది, అర్హమైన ఖర్చులో కనీసం 75 శాతం ఫెమా తిరిగి ఇస్తుంది. అంటే నీకు పని ఇచ్చేది కౌంటీ. కౌంటీ తలకు మించినంత నష్టం అయితే రాష్ట్రం అడిగితే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ దిగుతుంది, అప్పుడు ప్రైమ్‌ని కోర్ పెడుతుంది. హెలీన్‌లో మీ పక్క కొన్ని కౌంటీలు కోర్‌కే అప్పజెప్పాయి. ఫెమా సొంతంగా కొనేవి వేరు, నీళ్లు, భోజనాలు, టార్పాలిన్లు, జనరేటర్లు, తాత్కాలిక ఇళ్లు లాంటివి. నీ బండ్లకి అందులో పెద్దగా పనుండదు.

రెండోది టైమింగు. నువ్వు ఫోన్ వచ్చాక బయల్దేరావు. అసలు ఒప్పందాలు అప్పటికే అయిపోయి ఉంటాయి. 2005లో కత్రినా అప్పుడు పోటీ లేకుండా హడావుడిగా ఇచ్చిన కాంట్రాక్టుల మీద పెద్ద గొడవైంది, 2006లో చట్టం తెచ్చి ముందే ఒప్పందాలు చేసి పెట్టుకోమని ఫెమాకి చెప్పారు. కౌంటీలు కూడా ఇప్పుడు అదే పద్ధతి. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు కదా, చాలా చోట్ల డెబ్రీ కాంట్రాక్టుల టెండర్లు దానికి ముందు చలికాలంలో, వసంతంలో పడతాయి. గాలి మొదలయ్యాక పరిగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఆ కాంట్రాక్టు నువ్వు ప్రైమ్‌గా వేయగలవా అంటే, ఇప్పట్లో కాదు. వంద బండ్లు రెండు మూడు రోజుల్లో దింపగలిగిన వాడిని చూస్తారు. బాండింగు ఒకటి, అంటే నువ్వు పని పూర్తి చెయ్యకపోయినా, కిందివాళ్లకి డబ్బు ఇవ్వకపోయినా మేం చూసుకుంటాం అని ష్యూరిటీ కంపెనీ ఇచ్చే హామీ. ఫెడరల్ గ్రాంటు డబ్బుతో జరిగే పెద్ద నిర్మాణ పనికి 5 శాతం బిడ్ గ్యారంటీ, 100 శాతం పెర్ఫార్మెన్స్ బాండ్, 100 శాతం పేమెంట్ బాండ్ అడుగుతారు. డెబ్రీ పనులకు కూడా చాలా కౌంటీలు ఇలాంటివే పెడతాయి. ఆరుగురు మనుషుల కంపెనీకి ష్యూరిటీ వాళ్లు అంత ఇవ్వరు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది నాలుగో చేతి నుంచి మొదటి చేతికి రావడం. మీ చుట్టుపక్కల కౌంటీలకు డెబ్రీ ప్రైమ్ ఎవరో పబ్లిక్ రికార్డే, కౌంటీ ఆఫీసులో అడిగితే చెప్తారు. ఆ కంపెనీల దగ్గర సబ్‌కాంట్రాక్టర్ల రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఫిబ్రవరిలో వెళ్లి కాగితాలు, ఇన్సూరెన్స్, బండ్ల లిస్టు ఇచ్చి పేరు ఎక్కించుకో. నేను 11 ఏళ్లు ఇలాగే చేశా, రెండు ప్రైమ్‌లతో, వాళ్ల ఆఫీసులో నాకు మనిషి తెలుసు, డబ్బు ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుసు. ఎన్నో చేతి మీద ఉన్నావు అన్నది చట్టానికి కూడా ముఖ్యం. ఫెడరల్ నిర్మాణ పనుల్లో మిల్లర్ యాక్ట్ కింద పేమెంట్ బాండ్ మీద క్లెయిమ్ వేసే హక్కు ప్రైమ్ దగ్గర చేసే సబ్‌కీ, ఆ సబ్ దగ్గర చేసే వాడికీ ఉంటుంది, అక్కడితో ఆగిపోతుంది. అందులోనూ ఆ రెండో వాడు ఆఖరి పని రోజు నుంచి 90 రోజుల్లోపు ప్రైమ్‌కి నోటీసు ఇవ్వాలి. మూడో చేతి, నాలుగో చేతి వాళ్లకి ఆ గొడుగే లేదు.

స్టాఫర్డ్ యాక్ట్ 307వ సెక్షన్ కూడా గుర్తు పెట్టుకో. విపత్తు జరిగిన ప్రాంతంలోనే ఉండి అక్కడే వ్యాపారం చేసేవాళ్లకి, కుదిరినంత వరకు, ఫెడరల్ పనుల్లో ముందు చోటు ఇవ్వాలని అందులో ఉంది. అందుకే బయటి నుంచి వచ్చే ప్రైమ్‌లు లోకల్ సబ్‌లని వెతుక్కుంటారు. నీ బలం అదే, మీ కొండ రోడ్లు నీకు తెలుసు.

లక్ష్మి_కొనుగోళ్లు:

శ్రీను గారూ, నేను ఒక కౌంటీ పర్చేజింగ్ ఆఫీసులో పని చేస్తాను, ఏ రాష్ట్రమో చెప్పను. టేబుల్‌కి ఇవతలి వైపు ఎలా ఉంటుందో చెప్తాను, వెంకట్ గారు చెప్పినదానికి ఇది కూడా కలుపుకోండి.

తుఫాను మర్నాడు మా ఫోన్లు ఆగవు. "మా దగ్గర బండ్లున్నాయి, ఇప్పుడే వస్తాం" అని వందమంది. మంచి మనసుతో చేసేవాళ్లే ఎక్కువ, కానీ నేను వాళ్లకి పని ఇవ్వలేను. ఫెమా నుంచి తిరిగి డబ్బు రావాలంటే 2 సీఎఫ్‌ఆర్ 200 అనే ఫెడరల్ నిబంధనల ప్రకారం కొని ఉండాలి. ప్రాణాలకు, ఆస్తులకు అప్పటికప్పుడు ముప్పు ఉన్న రోజుల్లో పోటీ లేకుండా కొనొచ్చు, రోడ్డుకు అడ్డం పడ్డ చెట్లు తీయించడం లాంటివి, కానీ ఆ వెసులుబాటు ఆ ముప్పు ఉన్నంతసేపే. ఆ తర్వాత కూడా అదే మనిషితో అదే ఫోన్ మాట మీద నడిపిస్తే, రెండు మూడేళ్లకి ఆడిటర్లు వచ్చి ఫైలు తెరిచి ఆ ఖర్చు చెల్లదంటారు. ఇచ్చిన డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది, చిన్న కౌంటీకి అది ఏడాది బడ్జెట్‌నే తలకిందులు చేస్తుంది. మేం కఠినంగా ఉండేది అందుకే, మీ మీద నమ్మకం లేక కాదు.

రేటు ఎలా రాయాలో కూడా చూసుకోండి. "ఖర్చు ఎంతైతే అంత, దాని మీద 15 శాతం మాకు" అని కొటేషన్ పంపిస్తారు కొందరు. ఫెడరల్ గ్రాంటు డబ్బుకి ఆ రకం ఒప్పందం పూర్తిగా నిషేధం, ఆ కాగితం నేను ముట్టుకోను కూడా. గంటల లెక్కన, సామాను లెక్కన అంటే ఇంకో దారి లేనప్పుడు మాత్రమే, అదీ ఇంతకు మించకూడదు అని గరిష్ఠ మొత్తం రాసుకునే. క్యూబిక్ యార్డుకి ఇంత, చెట్టుకి ఇంత, బండికి ఆపరేటరుతో గంటకి ఇంత అని విడివిడిగా రాసిన రేట్ల పట్టిక పంపండి.

మీ సైజు వాళ్లకి నేరుగా మా దగ్గర పనులు లేవా అంటే ఉన్నాయి, పెద్ద డెబ్రీ కాంట్రాక్టు బయట. షెల్టర్ల దగ్గర పోర్టబుల్ టాయిలెట్లు, ఫెన్సింగు, నీళ్లు తోడే పంపులు, తడిసిన ఆఫీసు గదుల్లో గోడలు ఊడదీసి ఆరబెట్టడం, పార్కుల్లో చెట్ల పని. ఇవి చిన్న మొత్తాలు, రెండు మూడు కొటేషన్లు తీసుకుని ఇచ్చేస్తాం. ఆ కొటేషన్లు అడిగేది మా వెండర్ లిస్టులో ఉన్నవాళ్లనే. కాబట్టి మీ కౌంటీ లిస్టులో, సిటీ లిస్టులో విడివిడిగా పేరు ఎక్కించుకోండి, నార్త్ కరోలినాకి రాష్ట్రం మొత్తానికి ఈవీపీ అని వెండర్ పోర్టల్ ఉంది, అందులో కూడా. డబ్ల్యూ-9 (పన్ను నంబరు ఇచ్చే ఫారం), ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, రేట్ల పట్టిక, బండ్ల నంబర్లు, రాత్రి రెండింటికైనా ఎత్తే ఫోన్ నంబరు, ఈ ఐదూ ఒకే పీడీఎఫ్‌లో పెట్టి ఏప్రిల్‌లో పంపిన ఒక చిన్న ట్రీ సర్వీసు వాళ్లు ఉన్నారు మా దగ్గర. ఆ ఏడు గాలివానకి మొదట ఫోన్ వెళ్లింది వాళ్లకే. కరెంటు లేదు, ఇంటర్నెట్ లేదు, ఆ పీడీఎఫ్ ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాం కాబట్టి నంబరు దొరికింది.

హైదరాలీ_77:

అన్నలూ, వినడానికి బాగుంది గానీ నా అనుభవం వేరు. మొదటి చేతి సబ్‌గానే చేశా, అగ్రిమెంటు కూడా సరిగ్గానే ఉంది, అయినా మొదటి చెక్కు 70వ రోజున వచ్చింది. ఆ 70 రోజులు డీజిలు నాది, జీతాలు నావి, టైర్లు నావి. ఫెడరల్ ప్రభుత్వం ప్రైమ్‌కి 30 రోజుల్లో ఇవ్వాలని చట్టం ఉంది, కానీ కౌంటీ పని అయితే ఆ చట్టం వర్తించదు. ఫెమా దగ్గర విపత్తు నిధి తగ్గిపోతే దీర్ఘకాలిక పనుల డబ్బు పక్కన పెట్టి ముందు ప్రాణాపాయం ఉన్నవాటికే ఖర్చు చేస్తారు, 2023 ఆగస్టులో అలా చేశారు, 2024 ఆగస్టులో మళ్లీ చేశారు. అప్పుడు రోడ్లు, బిల్డింగుల పని ఒప్పుకున్నవాళ్లంతా చిక్కుకుపోయారు. చేతిలో 90 రోజుల ఖర్చు లేకపోతే దయచేసి దీనిలోకి దిగొద్దు. బ్యాంకు లైన్ ఆఫ్ క్రెడిట్ ఏదైనా ఎండాకాలంలోనే, లెక్కలు బాగున్నప్పుడే తీసి పెట్టుకోవాలి. బాకీ పడ్డాక వెళ్తే బ్యాంకు ఇవ్వదు. నేను బండి అమ్ముకున్నాక నేర్చుకున్నది ఇది.

వెంకట్_జీసీ:

హైదరాలీ భాయ్ చెప్పింది అక్షరాలా నిజం, నేనే ముందు రాయాల్సింది. డబ్బు మాటతో పాటు సైజు మాట కూడా. 2017లో మారియా హరికేన్ తర్వాత ప్యూర్టోరికోకి 3 కోట్ల భోజనాలు పంపే కాంట్రాక్టు, 15.6 కోట్ల డాలర్లది, ఫెమా ఒక మనిషి నడిపే చిన్న కంపెనీకి ఇచ్చింది. కోటీ 85 లక్షల భోజనాలు అందాల్సిన సమయానికి 50,000 అందాయి. పైగా వేడి చేసుకునే పౌచ్‌లు భోజనంతో కలిపి కాక విడిగా వచ్చాయి. కాంట్రాక్టు రద్దయింది. అదే తుఫానుకి కరెంటు లైన్లు వేసే 30 కోట్ల డాలర్ల పని ఇద్దరే పర్మినెంటు ఉద్యోగులున్న కంపెనీకి వెళ్లి, దేశమంతా గగ్గోలు పుట్టి, అదీ రద్దయింది. అక్కడ ఆకలితో, చీకట్లో కూర్చున్న జనం మీద పడింది ఆ భారమంతా. మన చేతిలో ఉన్న బండ్లకి సరిపడా పనే ఒప్పుకోవాలి శ్రీనూ. నాలుగు బండ్లుంటే నాలుగు బండ్ల పని.

టవర్_మీద_పిల్ల:

నమస్కారం. నేను కాలేజీ మధ్యలో ఒక సీజన్ డెబ్రీ మానిటర్‌గా, అంటే బండ్ల లోడ్లు చూసి లెక్క రాసే మనిషిగా చేశాను. శ్రీను గారి బాకీలో కొంత భాగం టికెట్ల (ఒక్కో లోడ్‌కి రాసే చీటీల) దగ్గర పోయి ఉండొచ్చని నాకనిపిస్తోంది, అందుకే రాస్తున్నా.

పని మొదలయ్యే ముందు ప్రతి బండి తొట్టి టేపుతో లోపల కొలుస్తారు, ఎన్ని క్యూబిక్ యార్డులో లెక్కగట్టి ఆ నంబరుతో ప్లకార్డు అంటిస్తారు. ఆ కొలత తప్పు పడితే మీ సీజన్ మొత్తం తప్పే, కాబట్టి కొలిచేటప్పుడు మీరు పక్కనే నిలబడాలి. తర్వాత లోడ్ ఎత్తిన చోట ఒక మానిటర్ టికెట్ మొదలుపెడతారు, డంపు సైటు దగ్గర టవర్ మీద ఇంకొకరు ఉంటారు. ఆ ఇంకొకరు నేను. పై నుంచి చూసి తొట్టి 85 శాతం నిండిందా, 60 శాతమేనా అని రాయాలి. కొమ్మలు పైకి కుప్పగా కనిపిస్తాయి గానీ లోపలంతా ఖాళీ. డ్రైవర్లు కిందనుంచి కేకలేసేవాళ్లు, ఇంత లోడ్ తెస్తే 70 ఏంటమ్మా అని. యంత్రంతో నొక్కి తెచ్చిన లోడ్‌కి 90 రాసిన రోజులున్నాయి, చేత్తో పడేసిన లోడ్‌కి ఎప్పుడూ తక్కువే. అసలు చేత్తో నింపిన బండ్లకు ఫెమా కనిపించిన దాంట్లో సగమే లెక్కలోకి తీసుకుంటుంది, సరిగ్గా అణగదని. మీ రెండు డంపు ట్రక్కులు ఎలా నింపారో చూసుకోండి, స్కిడ్ స్టీర్‌తో నింపితే పర్లేదు.

చెట్ల పని అయితే ఇంకా ఖచ్చితం. వేలాడే కొమ్మ విరిగిన చోట 2 అంగుళాలకు మించి లావుండాలి. ఒరిగిన చెట్టు ఛాతీ ఎత్తులో 6 అంగుళాలు లేదా అంతకంటే లావుగా ఉండి 30 డిగ్రీలకు మించి వాలి ఉండాలి. ఫోటో లేకపోతే లెక్కలో లేనట్టే. ముందు ఫోటో, తర్వాత ఫోటో, జీపీఎస్ స్థలం.

ప్రైమ్ తన బిల్లులోని టికెట్లని మానిటరింగ్ కంపెనీ టికెట్లతో ఒక్కొక్కటే సరిచూసుకున్నాకే కౌంటీ డబ్బు ఇస్తుంది. అందుకే మీ టికెట్ కాపీలన్నీ బయటికి తీసి, నంబరు, తేదీ, బండి, యార్డులు ఒక ఎక్సెల్‌లో పెట్టండి. "పైనుంచి రాలేదు" అన్నవాళ్లకి ఆ నంబర్లు పంపి, వీటిలో ఏవి చెల్లలేదో చెప్పమని అడగండి. చెల్లిన టికెట్ల లిస్టు కోసం కౌంటీకి పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్టు పెట్టొచ్చు. మీ టికెట్లకి ప్రైమ్‌కి డబ్బు వచ్చేసిందని తెలిస్తే ఆ మాట ఇక చెల్లదు.

పెద్దావిడ చెట్టు విషయంలో మీరు చేసింది చాలా సరైన పని. పెరట్లో చెట్టు కోసి రోడ్డు పక్కకి లాగి అదే బండిలో టికెట్ మీద ఎత్తడం నేను చూశాను, దానివల్ల ఒక క్రూ మొత్తాన్ని పంపేశారు. మీరు టికెట్ లేకుండా, ఆదివారం, సొంతంగా చేశారు. ఆవిడ తలుపు తెరుచుకుంది, మీ రికార్డూ శుభ్రంగా ఉంది.

సుజాత_సర్టిఫికేషన్లు:

శ్రీను గారూ, భార్య పేరు మీద పెట్టడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. నేను మా సొంత కంపెనీకి ఆ సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషిని.

ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల ఫెడరల్ సంస్థ) ఇచ్చే ఉమెన్ ఓన్డ్ సర్టిఫికేషన్‌కి కనీసం 51 శాతం వాటా అమెరికా సిటిజన్లైన ఆడవాళ్లది అయి ఉండాలి, ఎలాంటి షరతులూ లేకుండా. అది ఒక్కటే కాదు, రోజువారీ నిర్ణయాలు, పెద్ద నిర్ణయాలు ఆవిడే తీసుకోవాలి, కంపెనీలో అన్నిటికంటే పెద్ద పదవి ఆవిడదే కావాలి. మీరు బండ్లు నడుపుతూ, రేట్లు మాట్లాడుతూ, చెక్కులు రాస్తూ, ఆవిడ కేవలం సంతకం పెడుతుంటే అది మోసం కిందికి వస్తుంది. ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కింద నష్టానికి మూడింతలు కట్టిస్తారు, మీ ఇమ్మిగ్రేషన్ మీద కూడా దాని నీడ పడుతుంది. ఫ్రెండ్స్ తేలిగ్గా చెప్పేస్తారు, అనుభవించేది మీ ఇల్లు. ఆవిడకి నిజంగా ఆ వ్యాపారం నడపాలని ఉంటే మాత్రం అడ్డుపడకండి, నేర్చుకుని నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఎస్‌బీఏవే ఇంకో రెండు సర్టిఫికేషన్లు, 8(ఎ) (వెనకబడిన యజమానులకి), హబ్‌జోన్ (వెనకబడిన ప్రాంతాల కంపెనీలకి), వీటికి కూడా యజమానులు సిటిజన్లే కావాలి, గ్రీన్ కార్డు చాలదు. హబ్‌జోన్‌కి ముఖ్య ఆఫీసు ఆ గుర్తించిన ప్రాంతంలో ఉండాలి, ఉద్యోగుల్లో కనీసం 35 శాతం అలాంటి ప్రాంతాల్లో నివసించాలి. కొండల వైపు చాలా చోట్ల ఆ జోన్లు ఉంటాయి, మీరు సిటిజన్ అయ్యే రోజుకి ఎస్‌బీఏ మ్యాపులో మీ అడ్రస్ చూసుకోండి. మామూలు స్మాల్ బిజినెస్‌గా సామ్‌లో రిజిస్టర్ కావడానికి, బిడ్ వెయ్యడానికి గ్రీన్ కార్డు అడ్డు కాదు. రిజిస్టర్ చేసేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది, డిజాస్టర్ రెస్పాన్స్ రిజిస్ట్రీలో పేరు ఉండాలా అని. దానికి అవునని పెట్టి ఏ రాష్ట్రాల్లో, ఏ కౌంటీల్లో పని చేయగలరో ఎంచుకోండి, చాలామంది దాన్ని దాటేస్తారు. ఏ రకం పని చేస్తారో చెప్పే కోడ్‌లలో ల్యాండ్‌స్కేపింగ్‌ది 561730 ఒక్కటే పెట్టి ఊరుకోకండి, డెబ్రీ ఎత్తడానికి 562119, సైటు చదును చేసే పనికి 238910 కూడా చేర్చండి. ఏటా రెన్యూ చెయ్యాలి, మర్చిపోతే రిజిస్ట్రేషన్ చచ్చిపోతుంది.

డంపుట్రక్కు_శ్రీను:

అందరికీ చేతులెత్తి దండం. వెంకట్ అన్నా, లక్ష్మి గారూ, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు మాకు.

టికెట్ల కవరు తమ్ముడి బండి డాష్‌బోర్డులో దొరికింది. 212 టికెట్లు, కొన్ని తడిసి అంకెలు అలుక్కుపోయాయి, మా ఆవిడ భూతద్దం పెట్టి చదివి ఎక్సెల్‌లో ఎక్కించింది. 31 లోడ్లు చేత్తో నింపినవే, అవి సగం లెక్కలోకే వచ్చుంటాయి, అది మా తప్పే, తెలియక. మిగతావాటికి కౌంటీకి రికార్డ్స్ రిక్వెస్టు పెట్టాను. అగ్రిమెంటు పేజీ ఒక లాయరుకి చూపించాను. నార్త్ కరోలినాలో స్థలాలకు చేసే మెరుగుదల పనులకు, పైవాడికి డబ్బు వస్తేనే కిందవాడికి ఇస్తామనే షరతు చెల్లదని చట్టం ఉందట, మన డెబ్రీ పని దాని కిందికి వస్తుందని వాదించి మొదట ఒక నోటీసు పంపిద్దాం అన్నారు.

ఈవీపీ అయిపోయింది. సామ్‌లో మాత్రం అడ్రస్ దగ్గర ఆగింది, రాష్ట్రం దగ్గర రిజిస్టరైన దాంట్లో సూట్ నంబరు ఉంది, నేను వదిలేశాను, రెండూ కలవడం లేదని వెనక్కి పంపారు.

వెంకట్_జీసీ:

అందరికీ ఆగేది అక్కడే. రాష్ట్రం ఇచ్చిన ఎల్‌ఎల్‌సీ కాగితంలో పేరూ అడ్రసూ ఎలా ఉన్నాయో చుక్క, కామాతో సహా అలాగే కొట్టి, ఆ కాగితమే అప్‌లోడ్ చెయ్యి. అప్పటికీ కాకపోతే ఎపెక్స్ వాళ్లకి ఫోన్ చేసి ఆ స్క్రీన్ చూపించు. ఆలోగా ప్రైమ్ ఆఫీసుకి పంపే బండ్ల ఫోటోలు తీసి పెట్టుకో, తొట్టి లోపలి కొలతలు కూడా టేపు పెట్టి రాసుకో.